పరువు కోసం రాసుకున్న నిబంధన

"అల్‌స్టర్ క్లబ్బు చేసినట్టు మన దగ్గర ఏ యాజమాన్యమైనా చేస్తుందా?" ఈ ప్రశ్న ఈమధ్య మన సమావేశాల్లో రెండు మూడుసార్లు విన్నాను. పనిస్థలాల్లో లైంగిక వేధింపుల గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ ఉదాహరణ తెస్తున్నారు. కోర్టు నిర్దోషులని వదిలేసినా ఆ రగ్బీ క్లబ్బు మాత్రం తన ఆటగాళ్లను వదల్లేదట, కాంట్రాక్టులు రద్దు చేసి పంపేసిందట, యాజమాన్యమంటే అలా ఉండాలట. చుట్టూ కూర్చున్నవాళ్లు తలలూపుతున్నారు. నాకు తల ఊపాలనిపించలేదు. ఎందుకు అనిపించలేదో చెప్పటానికే ఇది రాస్తున్నాను.

స్త్రీల హక్కుల పత్రికలో రగ్బీ సంగతులెందుకని కొందరు అనుకోవచ్చు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతితో పదిహేనుమంది ఒకరి మీద ఒకరు పడుతూ ఆడే ఆట అది. 1995 దాకా అది పైకి మాత్రం 'సరదా ఆట'. డబ్బు తీసుకోవడం నేరం. ఆ ఏడు ఆగస్టులో అంతర్జాతీయ బోర్డు డబ్బుకు తలుపులు తెరిచింది. అప్పటినుండి ఆటగాడు ఉద్యోగి, క్లబ్బు యజమాని, మధ్యలో ఒక కాంట్రాక్టు. ఆ కాంట్రాక్టులో క్రమశిక్షణ నిబంధనలు. మనం యాజమాన్యాలతో, సర్వీసు రూల్సుతో ఏళ్లుగా తలపడుతున్నవాళ్లం కనుక ఇది మనకు తెలియని లోకమేమీ కాదు.

ముందు జరిగినదేమిటో చూద్దాం. 2016 జూన్‌లో బెల్‌ఫాస్ట్ నగరంలో ఒక ఇంట్లో తనపై అత్యాచారం జరిగిందని 19 ఏళ్ల యువతి పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఆమె చెప్పిన ఇద్దరూ అల్‌స్టర్ క్లబ్బుకు, ఐర్లాండ్ జాతీయ జట్టుకు ఆడేవాళ్లు. మరో ఇద్దరు వాళ్ల స్నేహితులు, వారిపై వేరే ఆరోపణలు. 2018 మొదట్లో విచారణ మొదలై తొమ్మిది వారాలు సాగింది. నలుగురు నిందితుల తరఫున నలుగురు లాయర్లు ఆమెను ఎనిమిది రోజుల పాటు ప్రశ్నించారు. ఆమె లోదుస్తులను జ్యూరీ చేతికిచ్చి చూపించారు. సినిమా హాలుకు వచ్చినట్టు జనం రోజూ గ్యాలరీకి వచ్చి కూర్చున్నారు. చట్టప్రకారం బయటికి రాకూడని ఆమె పేరు ఫోన్లలో ఊరంతా తిరిగింది. మార్చి 28న జ్యూరీ నాలుగు గంటలు కూడా తీసుకోకుండా నలుగురినీ నిర్దోషులని చెప్పింది. ఆ నలుగురి పేర్లు నేను రాయను. కోర్టు విడుదల చేసినవాళ్లను నేను మళ్లీ బోనెక్కించబోవటం లేదు. నా తగాదా క్లబ్బుతోనే.

తీర్పు వచ్చిన మర్నాడు వేలమంది స్త్రీలు వీధుల్లోకి వచ్చి 'ఆమెను మేం నమ్ముతున్నాం' అన్నారు. విచారణలో బయటపడిన మరో సంగతి జనాన్ని కలవరపెట్టింది. ఆ రాత్రి తర్వాత స్నేహితులు వాట్సాప్‌లో పంపుకున్న సందేశాలవి. స్త్రీల గురించి ఆ భాష ఏమిటో మళ్లీ ఇక్కడ రాయాల్సిన పనిలేదు, బస్టాండు గోడల మీద మనం చదివే భాషే. ఈ ఆటగాళ్లు మళ్లీ ఆడకూడదని కొందరు చందాలు వేసుకుని స్థానిక పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేయించారు. ఆడించాల్సిందేనని అభిమానులు మరో ప్రకటన వేయించారు. క్లబ్బుకు స్పాన్సర్ అయిన బ్యాంక్ ఆఫ్ ఐర్లాండ్ తాము చాలా ఆందోళన చెందుతున్నామని చెప్పింది. క్లబ్బు, ఐర్లాండ్ రగ్బీ సంఘం కలిసి తమ పెద్దలతోనే ఒక సమీక్షా సంఘం వేసుకున్నాయి. ఏప్రిల్ 14న ఇద్దరి కాంట్రాక్టులూ రద్దయ్యాయి. గౌరవం, అందరినీ కలుపుకుపోవడం, నిజాయితీ ఆట విలువలని, వాటికి కట్టుబడి ఈ నిర్ణయం తీసుకున్నామని ప్రకటన వచ్చింది.

మన సమావేశాల్లో చెప్పుకునే కథ ఇక్కడే ఆగిపోతుంది. నేను అడిగేది ఇక్కడినుండే మొదలవుతుంది. వాళ్లను ఏ తప్పుకు తీసేశారు?

అత్యాచారానికా? కోర్టు కాదంది. సందేశాలకా? అయితే అదే క్లబ్బులో అదే రాత్రి గురించి అలాంటి సందేశమే పంపిన మరో ఆటగాడిని రెండు వారాలు ఆటకు దూరంగా పెట్టి సరిపెట్టారు. ఒకరికి రెండు వారాలు, ఇద్దరికి ఉద్యోగమే పోవడం. ఈ తేడాకు కొలబద్ద ఏమిటి? ఏ నిబంధన కింద, ఏ ఆరోపణ మీద, ఏ రుజువుతో? సమీక్షా సంఘం ఏం చూసిందో, ఏం తేల్చిందో జనం ముందు పెట్టలేదు. ఆ సంఘంలో ఉన్నది యాజమాన్యపు మనుషులే. బయటివాళ్లకు చోటు లేదు. మొత్తం వ్యవహారానికి మూలమైన ఆ అమ్మాయికి క్లబ్బు దృష్టిలో ఏ హోదా లేదు. ఆమె ఫిర్యాదుదారు కాదు, సాక్షి కాదు. ఆమె క్లబ్బుకు వచ్చిన ఒక ఇబ్బంది, అంతే.

ఫ్యాక్టరీ యూనియన్లలో పనిచేసినవాళ్లకు బాగా తెలిసిన సంగతే ఇది. క్రిమినల్ కోర్టు కేసు కొట్టేసినంత మాత్రాన యాజమాన్యం విచారణ జరపకూడదనేమీ లేదు. కోర్టుకు కావలసిన రుజువు వేరు, ఉద్యోగ విచారణకు కావలసిన రుజువు వేరు. అయితే దానికో పద్ధతుంది. చార్జిషీటు ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, సాక్షుల్ని పిలవాలి, ఎదుటివాడికి ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి, తేలినదాన్ని కాగితం మీద పెట్టాలి. అల్‌స్టర్‌లో అలాంటి విచారణ జరిగి, ఇదీ తప్పు, ఇదీ రుజువు అని తేలి, ఆ తర్వాత తీసేసి ఉంటే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. అలా జరిగినట్టు ఆ ప్రకటనలో ఒక్క ముక్క లేదు.

వృత్తి క్రీడల కాంట్రాక్టుల్లో ఒక నిబంధన మామూలుగా ఉంటుంది. ఆటకు గాని, క్లబ్బుకు గాని 'అప్రతిష్ఠ' తెచ్చే పని చేయరాదు. చేస్తే క్లబ్బు చర్య తీసుకుంటుంది. అప్రతిష్ఠ అంటే ఏమిటో ఎక్కడా స్పష్టంగా రాయరు. అది వచ్చిందో లేదో తేల్చేది క్లబ్బే. నేను మొదటిసారి ఆ మాట చదివినప్పుడు నాకు తట్టిన తెలుగు మాట ఒక్కటే: పరువు.

పరువు గురించి మనకు ఒకరు చెప్పాలా? ఇంటి పరువు, కులం పరువు, ఊరి పరువు. ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగితే పెద్దమనుషులు పంచాయితీ పెట్టేది ఆమెకు న్యాయం చేయడానికి కాదు, ఊరి పరువు బజారున పడకుండా చూసుకోవడానికి. విషయం నలుగురికీ తెలియలేదా, నోరు నొక్కుతారు. తెలిసిపోయిందా, పోలీసులూ పేపరువాళ్లూ వచ్చారా, అబ్బాయిని కొన్నాళ్లు ఊరు దాటిస్తారు. ఏ మేనమామ ఇంటికో పంపిస్తారు. రెండు సందర్భాల్లోనూ అమ్మాయిని అడిగేవాళ్లుండరు. రెండూ పరువు లెక్కలే. అల్‌స్టర్ చేసింది రెండో రకం.

ఊరు దాటించడం అన్నది నేను ఊరికే అనలేదు. కాంట్రాక్టులు రద్దయిన కొద్ది నెలలకే ఆ ఇద్దరూ ఫ్రాన్సులో పెర్పిన్యాన్, బ్రీవ్ క్లబ్బుల్లో చేరారు. 2019లో ఒకరిని లండన్ ఐరిష్ క్లబ్బు తీసుకుంది. అప్పుడు గిన్నిస్ బీరు యజమాని డియాజియో కంపెనీ ఆ క్లబ్బుకు స్పాన్సర్‌షిప్ మానేసింది. క్లబ్బు మాత్రం ఆటగాడిని ఉంచుకుంది. అల్‌స్టర్‌లో 'విలువలకు విరుద్ధం' అయినది లండన్‌లో ఎందుకు కాలేదు? ఎందుకంటే అక్కడి లెక్క వేరు. ఒక స్పాన్సర్ ఇచ్చే డబ్బెంత, ఒక మంచి ఆటగాడు తెచ్చే గెలుపు విలువెంత అని తూచుకున్నారు. ఒకచోట ముల్లు ఇటు మొగ్గింది, మరోచోట అటు మొగ్గింది. ఆ త్రాసులో స్త్రీ ఏ పళ్లెంలోనూ లేదు.

బజారున పడనప్పుడు ఈ నిబంధన ఎంత గాఢంగా నిద్రపోతుందో కూడా చూడాలి. 2017 మార్చిలో గ్రెనోబుల్ క్లబ్బు ఆటగాళ్లు బోర్డోలో మ్యాచ్ ఆడాక హోటల్లో ఒక యువతిపై జరిపిన దాడి కేసు కోర్టులో తేలేసరికి 2024 డిసెంబరు వచ్చింది. ముగ్గురికి 12 నుండి 14 ఏళ్ల శిక్షలు పడ్డాయి, తీర్పుపై అప్పీలు దాఖలైంది. మధ్యలో గడిచిన ఏడేళ్లలో నిందితుల్లో కొందరు వేరు వేరు దేశాల్లో వృత్తి ఆట ఆడుతూనే ఉన్నారు. ఫిర్యాదు రాగానే ఎవరి పనీ తీసేయాలని నేననటం లేదు. అక్కడ స్పాన్సర్లు ఆందోళన చెందలేదు, వీధుల్లో జనం లేరు, కనుక విలువలు కూడా గుర్తుకు రాలేదు అంటున్నాను, అంతే.

"అయితే వాళ్లను తీసేయకుండా ఉండాల్సిందంటావా?" అని నన్ను నిలదీసిన మిత్రురాలున్నారు. ఆమె కోపం నాకు అర్థమవుతుంది. స్త్రీల గురించి ఆ భాష మాట్లాడేవాళ్లు జాతీయ జట్టు చొక్కా వేసుకుని పిల్లలకు ఆదర్శంగా నిలబడితే నాకూ బాధే. వీధుల్లోకి వచ్చిన బెల్‌ఫాస్ట్ స్త్రీలు చేసింది నూటికి నూరుపాళ్లూ సరైనదే. కానీ ఆ ఒత్తిడి వల్ల నిజంగా స్త్రీలకు దక్కిందేమిటో చూస్తే అది క్లబ్బు ఆఫీసులో దక్కలేదు, వేరే చోట దక్కింది. విచారణ సాగిన తీరు మీద వచ్చిన ఆగ్రహం వల్ల మాజీ న్యాయమూర్తి జాన్ గిల్లెన్ ఆధ్వర్యంలో సమీక్ష జరిగింది. 2019లో ఆయన 253 సిఫార్సులతో తుది నివేదిక ఇచ్చాడు. తీవ్రమైన లైంగిక నేరాల విచారణలో కోర్టు హాల్లోకి బయటి జనాన్ని రానివ్వకూడదన్నది అందులో ఒకటి. 2022లో ఉత్తర ఐర్లాండ్ చట్టం చేసింది. ఇక మీదట అక్కడ కోర్టుకెక్కే స్త్రీ గ్యాలరీ నిండా ఉన్న జనం ముందు నిలబడి జవాబులు చెప్పుకోవాల్సిన అవసరం లేదు. ఇది హక్కు. ఈ స్పాన్సర్ పోయి ఇంకో స్పాన్సర్ వచ్చినా మారనిది. కాంట్రాక్టు రద్దు అలాంటిది కాదు, యాజమాన్యం ఆ నెల తీసుకున్న నిర్ణయం మాత్రమే.

నన్ను ఇంకా భయపెట్టేది మరొకటుంది. యజమాని చేతిలో కొలబద్ద లేని కత్తి పెట్టి, ఈసారి అది మనకు నచ్చనివాళ్ల మీద పడింది కదా అని మనం చప్పట్లు కొడితే, తర్వాత అది ఎవరి మీద పడుతుంది? స్త్రీల చరిత్రలో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒకటే.

దీనికి మన దేశంలోనే సాక్ష్యముంది. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ నుండి తిరిగొచ్చిన మల్లయోధురాలు వినేశ్ ఫోగాట్‌ను భారత కుస్తీ సమాఖ్య 'క్రమశిక్షణ లేదు' అని సస్పెండు చేసింది. ఆమె చేసిన ఘోరాలేమిటి? మిగతావాళ్లతో కలిసి ఉండలేదట. సమాఖ్య స్పాన్సర్ పేరున్న దుస్తులు కాకుండా వేరే స్పాన్సర్ దుస్తులు వేసుకుందట. 2023 జనవరిలో అదే వినేశ్, సాక్షి మలిక్ తదితరులు ఢిల్లీ వీధుల్లో కూర్చుని అదే సమాఖ్య అధ్యక్షుడు బ్రిజ్ భూషణ్ శరణ్ సింగ్ మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. ఎఫ్‌ఐఆర్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2024 మేలో గాని ఢిల్లీ కోర్టు అభియోగాలు నమోదు చేయలేదు. చొక్కా మీది స్పాన్సర్ పేరు తప్పైతే సస్పెన్షన్‌కు రోజులు చాలాయి. అధ్యక్షుడి మీద ఆరోపణ వినడానికి ఆ సమాఖ్యలో సరైన ఫిర్యాదుల కమిటీయే లేదు. అప్పట్లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఆరా తీస్తే 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16 చోట్ల చట్టం చెప్పినట్టు కమిటీ లేదని తేలింది. క్రమశిక్షణా నిబంధన లేని సమాఖ్య మాత్రం ఒక్కటి కూడా ఉండదని నేను పందెం కాయగలను.

మళ్లీ రగ్బీ దగ్గరికొస్తాను. అల్‌స్టర్ క్లబ్బు ఆటగాళ్ల కాంట్రాక్టుల మీద ఇన్ని వేల పేజీలు అచ్చయ్యాయి. అదే మైదానంలో ఆడిన స్త్రీల కాంట్రాక్టుల గురించి మనలో ఎందరికి తెలుసు? 2017 ఆగస్టు 26న మహిళల ప్రపంచ కప్పు ఫైనల్ జరిగింది బెల్‌ఫాస్ట్‌లో, అల్‌స్టర్ సొంత మైదానంలోనే. న్యూజిలాండ్ 41, ఇంగ్లండ్ 32. ఆ ఆట చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఇంగ్లండ్ స్త్రీల పదిహేనుమంది ఆట కాంట్రాక్టులు ఆ టోర్నమెంటుతోనే ముగిసిపోయాయి. ఇంగ్లండ్ సంఘం వాటిని పొడిగించలేదు. ఫైనల్ ఆడి వచ్చినవాళ్లు మళ్లీ వేరే ఉద్యోగాలు వెతుక్కున్నారు. 28 మందికి పూర్తికాలపు కాంట్రాక్టులు రావటానికి 2019 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. ఏ అప్రతిష్ఠా చేయకుండానే, ఫైనల్ దాకా వెళ్లినందుకు కాంట్రాక్టు పోయింది. దీనికి సమీక్షా సంఘాలు లేవు, విలువల ప్రకటనలు లేవు.

ఐర్లాండ్‌లో? అల్‌స్టర్ నిర్ణయం నాటి ప్రకటనలో ఆట విలువలు అందరికీ అర్థమయ్యేలా చూస్తామని, శిక్షణ కార్యక్రమాలను లోతుగా సమీక్షిస్తామని సంఘం మాటిచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి, 2021 సెప్టెంబరులో, కొనాక్ట్ ప్రాంత జట్టు స్త్రీలు డబ్లిన్‌లో మ్యాచ్‌కు ముందు చెత్త డబ్బాల పక్కన బట్టలు మార్చుకోవాల్సి వచ్చింది. అక్కడ ఎలుకలు తిరుగుతున్న ఫొటోలు బయటికొచ్చాయి. బయటికొచ్చాక క్షమాపణ వచ్చింది. ఆ డిసెంబరులో 62 మంది ప్రస్తుత, మాజీ క్రీడాకారిణులు ప్రభుత్వానికి ఉత్తరం రాసి, సంఘం మీద తమకు నమ్మకం పూర్తిగా పోయిందన్నారు. 2022లో గాని పదిహేనుమంది ఆట ఆడే స్త్రీలకు వృత్తి కాంట్రాక్టులు రాలేదు. వాటిలో అత్యధిక జీతం ఏడాదికి 30,000 యూరోలు. డబ్లిన్‌లో ఇంటి అద్దె ఎంతో తెలిసినవాళ్లకు ఆ అంకె గురించి వివరించనక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పాల్సింది వేల్స్ గురించి, ఎందుకంటే ఒకే సంఘం మగవాళ్లతో ఎలా బేరమాడిందో, ఆడవాళ్లతో ఎలా బేరమాడిందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 2023 ఫిబ్రవరిలో వేల్స్ మగ ఆటగాళ్లు కాంట్రాక్టుల విషయంలో ఇంగ్లండ్‌తో జరగాల్సిన మ్యాచ్‌కు ముందు సమ్మె చేస్తామన్నారు. సంఘం చర్చలకు కూర్చుంది. విదేశీ క్లబ్బుల్లో ఉంటూ జాతీయ జట్టుకు ఆడాలంటే 60 మ్యాచ్‌ల అనుభవం ఉండాలన్న నిబంధనను 25కు తగ్గించారు. జీతాల విషయంలోనూ దిగొచ్చారు. మ్యాచ్ జరిగింది. ఇందులో తప్పేం లేదు. శ్రామికులు సమ్మె బెదిరింపుతో హక్కు సాధించుకుంటే నాకు సంతోషమే.

ఏడాదిన్నర తర్వాత, 2024 ఆగస్టులో, అదే సంఘంతో స్త్రీల కాంట్రాక్టు చర్చలు ముడిపడ్డాయి. సంఘం నుండి ఒక ఈమెయిలు వెళ్లింది. సంతకానికి గడువు మూడు గంటలు. చేయకపోతే స్కాట్లాండ్‌తో మ్యాచ్ రద్దు, 2025 ప్రపంచ కప్పు నుండి జట్టు ఉపసంహరణ. పెట్టె సర్దుకుని కోచ్ బస్సు కోసం ఎదురుచూసే ఆటగత్తె ఆ మూడు గంటల్లో లాయరును ఎక్కడినుండి తెస్తుంది? సంగతి అక్టోబరులో పత్రికలకెక్కింది. నవంబరులో సంఘం అధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. ఇది జరిగింది ఏ సంఘంలోననుకున్నారు? అంతకు ముందు సంవత్సరమే, 2023 నవంబరులో, ఆన్ రాఫర్టీ నాయకత్వంలో జరిగిన స్వతంత్ర సమీక్ష ఏ సంఘంలో స్త్రీద్వేషం, జాతివివక్ష, వేధింపులు ఉన్నాయని తేల్చిందో ఆ సంఘంలో. ఆ సమీక్ష కూడా ఊరికే రాలేదు. 2023 జనవరిలో స్త్రీ ఉద్యోగులు పడ్డ అవమానాల గురించి బీబీసీ కార్యక్రమం ప్రసారమైంది. వారం తిరగకుండా ముఖ్య కార్యనిర్వహణాధికారి రాజీనామా చేశాడు. ఆ స్త్రీలు అంతకుముందు లోపల చెప్పుకున్నప్పుడు కదలని కుర్చీ టీవీలో రాగానే కదిలింది. మళ్లీ అదే పరువు.

సంఘాన్ని నడిపేవాళ్లు ఈ మూడు గంటల గడువుతో స్త్రీల ఆటను ప్రపంచం ముందు నగుబాటు చేశారు కదా? 'ఆటకు అప్రతిష్ఠ' అంటే ఇంతకన్నా ఏముంటుంది? ఆ నిబంధన కింద వారి మీద చర్య ఎందుకు లేదు? ఎందుకంటే ఆ నిబంధన పైనుండి కిందికే పనిచేస్తుంది. కింద నుండి పైకి పనిచేసే నిబంధన ఎవరూ రాయలేదు.

అలాంటిది రాయవచ్చని మనకు తెలుసు. విశాఖ తీర్పు వచ్చింది 1997లో. 2013 చట్టం ఎన్ని లోపాలున్నా కొన్ని పనులు చేసింది. క్రీడా సంస్థలు, స్టేడియాలు, పోటీలు జరిగే చోట్లు పనిస్థలాలేనని అందులో స్పష్టంగా ఉంది. ఫిర్యాదు చేసే స్త్రీ ఆ సంస్థ ఉద్యోగి కానక్కర్లేదు. కమిటీలో బయటి సంస్థ నుండి ఒకరు ఉండాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి, నివేదిక ఇరుపక్షాలకూ ఇవ్వాలి, యాజమాన్యం 60 రోజుల్లో అమలు చేయాలి. మన చదువరుల్లో చాలామంది అలాంటి కమిటీల్లో బయటి సభ్యులుగా కూర్చుంటున్నవాళ్లే, నేనూ కూర్చుంటున్నాను. సంతకాల కోసం మాత్రమే పిలిచే యాజమాన్యాలను చూశాం. 'మేడమ్, మన సంస్థ పేరు బయటికి రాకుండా చూడండి' అని టీ ఇచ్చి చెప్పే మేనేజర్లనూ చూశాం. అల్‌స్టర్‌ను మెచ్చుకునేవాళ్లు ఆ మేనేజరును గుర్తు చేసుకోవాలి. పేరు బయటికొచ్చేసి ఉంటే ఆయనే రేపు పొద్దున్న ఆ ఉద్యోగిని విచారణ లేకుండా గెంటేసి, విలువల గురించి నోటీసు బోర్డులో కాగితం అతికిస్తాడు. ఆ ఉద్యోగి పక్క కంపెనీలో చేరతాడు. ఫిర్యాదు చేసిన అమ్మాయికి ఏం తేలిందో తెలియదు.

నిజమే, 2013 చట్టం బెల్‌ఫాస్ట్ సంఘటనకు వర్తించేది కాదు. అది ఒక వ్యక్తి ఇల్లు, పనిస్థలం కాదు. చట్టం అందని చోటికి ప్రవర్తనా నియమావళి అందాలి. కానీ దాన్ని యజమాని ఒక్కడే రాయకూడదు. ఆటగాళ్ల సంఘంతో, అందులో స్త్రీలతో కలిసి బేరమాడి రాయాలి. ఏది తప్పో, దానికి ఎంత శిక్షో ముందే చెప్పాలి. కోచ్‌కూ అధ్యక్షుడికీ అదే వర్తించాలి. బయటి స్త్రీ వచ్చి ఫిర్యాదు ఇస్తే తీసుకునే బల్ల ఒకటుండాలి. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. స్త్రీలు బల్లకు అటువైపు కూర్చున్నప్పుడు కాంట్రాక్టు ఎలా మారుతుందో ఇంగ్లండ్ చూపించింది. కాంట్రాక్టులు పోగొట్టుకున్న చోటే 2023లో ఆటగత్తెలకు 26 వారాల పూర్తి జీతంతో ప్రసూతి సెలవు వచ్చింది. గర్భం వచ్చాక మైదానం బయట వేరే పని ఇచ్చే ఏర్పాటూ వచ్చింది. గర్భవతి అయితే ఆట మానుకోవడమే అనుకునే క్రీడలో ఇది చిన్న సంగతి కాదు.

మనకు ఇప్పుడు దీనితో పనేమిటంటారా? 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటిసారి జరిగింది. ఆరు జట్లు, ఏడుగురేసి ఆడే ఆట. అందులో ఒకటి హైదరాబాద్ హీరోస్. ఆరూ మగ జట్లే. ఈ దేశపు ఆడపిల్లలు 2019లోనే సింగపూర్‌ను ఓడించి పదిహేనుమంది ఆటలో మొదటి అంతర్జాతీయ విజయం తెచ్చిపెట్టారు, అయినా లీగులో వాళ్లకు చోటు రాలేదు. ఏదో ఒక ఏడు వస్తుంది. క్రికెట్లో వచ్చింది కదా. వచ్చినప్పుడు మన ఊరి పేరు పెట్టుకున్న జట్టు కూడా కాంట్రాక్టు కాగితాలు తయారు చేస్తుంది. ఒడిశా, బీహార్ పల్లెల నుండి వచ్చే పద్దెనిమిదేళ్ల అమ్మాయిల ముందు ఇంగ్లీషులో ఇరవై పేజీలు పెట్టి, చివరి పేజీలో సంతకం చోటు చూపిస్తారు. ఆ రోజుకు ముందే మనం ఆ జట్టు యాజమాన్యానికి ఉత్తరం రాసి కొన్ని సంగతులు అడగాలి. ఫిర్యాదుల కమిటీలో బయటి సభ్యురాలెవరు? క్రమశిక్షణ విచారణలో ఆటగత్తె తరఫున మాట్లాడేదెవరు? గాయమైతే, గర్భం వస్తే జీతం ఆగుతుందా? కాగితం ఆమె చదవగలిగే భాషలో ఇస్తారా? ఇచ్చాక సంతకానికి గడువెంత? కనీసం మూడు వారాలు కావాలని నేనంటాను.